చేతులు కాలాక పట్టుకోవలసిన ఆకులు

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అంటారు మనవాళ్లు. ముందుచూపు లేనివాణ్ణి దెప్పడానికి ఈ సామెత బాగానే పనికొస్తుంది గానీ, బర్న్స్ వార్డులో మాత్రం చెల్లదు. అక్కడికి వచ్చేవాళ్లంతా చేతులు కాలినవాళ్లే. అక్కడ రాత్రింబవళ్లు జరిగే పని ఆకులు పట్టుకోవడమే. ముంబయిలోనైతే వైద్యులు నిజంగానే ఆకులు పట్టుకున్నారు. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరుగానో, తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారు. మంట అంటుకోవడం, ఆర్పడం నిమిషంలో అయిపోతుంది. ఆ నిమిషం తర్వాత బతుకుతారా, బతికితే ఎలా బతుకుతారు అన్నది తేలడానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. డాక్టరు ఆపరేషన్ చేసి వెళ్లాక ఆ కాలాన్ని గంటల లెక్కన మోసేది నర్సు. గడియారం కదిలేకొద్దీ ఆమె పట్టుకోవలసిన ఆకు మారుతూ ఉంటుంది.

మాట తేలికగా సాగడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. ముప్పై ఏళ్ల ఇల్లాలు, బరువు 60 కిలోలు. పొద్దున్నే టీ పెడుతుంటే గ్యాస్ పొయ్యి మంట పాలియెస్టర్ నైటీకి అంటుకుంది. గుడ్డ కరిగి ఒంటికి అతుక్కుంది. ఛాతీ, పొట్ట, కుడిచెయ్యి పూర్తిగా కాలాయి. మెడ ముందుభాగానికి, గడ్డానికి కూడా సెగ తగిలింది.

నీళ్లు, గాజులు, గొంతు

ఇంట్లోవాళ్లు చేయగలిగిన వైద్యం ఒక్కటే. కాలినచోట మామూలు కుళాయి నీళ్లు ఇరవై నిమిషాల పాటు ధారగా పోయాలి. మంట ఆరినా చర్మం కింద వేడి ఇంకా లోపలికి దిగుతూనే ఉంటుంది, నీళ్లు దాన్ని ఆపుతాయి. ఐసు పెడితే రక్తనాళాలు బిగుసుకుని గాయం ఇంకా లోతవుతుంది. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, గుడ్డు తెల్లసొన రాసి తీసుకొస్తే, గాయం ఎంత లోతో చూడటానికి ముందు సిస్టర్ అదంతా కడగాలి. కడిగేటప్పుడు పడే బాధ రోగిదే.

వార్డులో మొదట చేయాల్సిన పనుల్లో ఒకటి నగలు తీయడం. మరికాసేపట్లో చెయ్యి వాచిపోతుంది. అప్పుడు గాజులు, ఉంగరాలు వేళ్లకు రక్తం అందకుండా బిగిస్తాయి. మెడ వాచేలోపు మెడలోవి కూడా తీయాలి. తాళి తీయాలంటే ఇంట్లోవాళ్లు జంకుతారు. అనుభవం ఉన్న నర్సు వాదన పెట్టుకోదు. దాన్ని భద్రంగా పొట్లం కట్టి ఆమె తల్లి చేతిలోనో, భర్త చేతిలోనో పెడుతుంది.

ఇవి చేస్తూనే రోగిని మాట్లాడిస్తూ ఉంటుంది. "ఏమ్మా, నీ పేరేంటి? ఏ ఊరు?" జవాబు కంటే ఆ జవాబు వచ్చే గొంతు మీద ఆమె చెవి ఉంటుంది. గొంతు బొంగురుపోయిందా, ముక్కులో వెంట్రుకలు కమిలాయా, ఉమ్మిలో మసి పడుతోందా? ఇలా ఉంటే వేడిగాలి, పొగ గొంతులోకి వెళ్లాయని అనుమానించాలి. శ్వాసనాళం లోపలివైపు వాపు గంటగంటకూ పెరుగుతుంది. పొద్దున బాగానే మాట్లాడిన మనిషికి మధ్యాహ్నానికి ఊపిరి ఆడకపోవచ్చు. వాపు ముదిరాక గొట్టం వేయడం కష్టం, అందుకే గొంతులో మార్పు వినగానే డాక్టర్ని పిలవాలి. తలుపులు మూసిన గదిలో మంట రేగినప్పుడు ఇంకో చిక్కుంది. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ పట్టిన రక్తంగానే లెక్కేసి 98 అని చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి ఆక్సిజన్ మాస్కు తీయకూడదు.

తొమ్మిదో ఎక్కం

ఎంత కాలింది? 1951లో అలెగ్జాండర్ వాలెస్ ప్రచురించిన 'తొమ్మిదుల సూత్రం' ఇప్పటికీ వార్డుల్లో నోటిలెక్కలాగా నడుస్తోంది. తల, మెడ కలిపి 9 శాతం, ఒక్కో చెయ్యి 9, ఒక్కో కాలు 18, మొండెం ముందుభాగం 18, వెనక భాగం 18, మర్మాంగాల దగ్గర 1. చెదురుమదురు గాయాలైతే రోగి అరచెయ్యి వేళ్లతో సహా దాదాపు ఒక శాతం. పసిపిల్లలకు ఈ ఎక్కం పనికిరాదు, వాళ్ల తల ఒంటితో పోలిస్తే పెద్దది. వయసును బట్టి మారే పట్టికను లండ్, బ్రౌడర్ అనే అమెరికన్ వైద్యులు 1944లో ఇచ్చారు. అంతకు రెండేళ్ల ముందు, 1942 నవంబర్ 28న, బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ అనే నైట్ క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. కాలిన గాయాల వైద్యాన్ని మలుపు తిప్పిన ఘటనల్లో అదొకటి.

మన రోగికి ఛాతీ, పొట్ట 18, చెయ్యి 9, మెడ, గడ్డం మరో 3. మొత్తం 30 శాతం. ఇంత కాలితే దెబ్బ చర్మంతో ఆగదు. ఒళ్లంతా సన్నని రక్తనాళాలు జల్లెడలా కారడం మొదలుపెడతాయి. రక్తంలోని నీరు, ఉప్పు, ప్రొటీన్లు కండలోకి ఊరిపోతాయి. మనిషి పైకి ఉబ్బిపోతుంది, లోపల రక్తనాళాలు మాత్రం ఎండిపోతుంటాయి. కాలిన తొలి రోజు ప్రాణం తీసేది ఈ కరువే.

దీనికి డల్లాస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రిలో చార్లెస్ బాక్స్‌టర్ 1968లో ఒక లెక్క చెప్పాడు. నాలుగును బరువుతో, కాలిన శాతంతో గుణించాలి. 4 × 60 × 30. అంటే 7,200 మిల్లీలీటర్ల రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ద్రవం 24 గంటల్లో ఎక్కాలి. అందులో సగం, 3,600, మొదటి ఎనిమిది గంటల్లోనే ఎక్కాలి. ఆ ఎనిమిది గంటలు మొదలయ్యేది ఆసుపత్రి చీటీ రాసినప్పటి నుంచి కాదు, మంట అంటుకున్నప్పటి నుంచి. పల్లె నుంచి ఆటోలో బయల్దేరి, మధ్యలో ఒక చిన్న ఆసుపత్రి చూసుకుని పట్నం చేరేసరికి మూడు గంటలు పోయాయనుకోండి. గంటకు 450 ఎక్కాల్సింది ఇప్పుడు 720 ఎక్కాలి. అందుకే "ఎన్నింటికి కాలింది?" అన్న ప్రశ్న సిస్టర్ రెండు మూడుసార్లు అడుగుతుంది. చుట్టాలు విసుక్కుంటారు. ఆమె అడుగుతున్నది సెలైన్ ఎంత వేగంగా ఎక్కించాలన్న లెక్క కోసం.

ఈ సూత్రం ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రమే చెబుతుంది. సరిపోయిందా లేదా చెప్పేది మూత్రం. పెద్దవాళ్లలో కిలోకు గంటకు అర మిల్లీలీటరు, అంటే ఈమెకు 30 మిల్లీలీటర్లు రావాలి. గంటగంటకూ కొలిచి రాయాలి. తక్కువొస్తే కిడ్నీలు ఎండిపోతున్నట్టు. మరీ ఎక్కువొస్తే సెలైన్ అతిగా ఎక్కుతున్నట్టు, ఆ నీరు ఊపిరితిత్తుల్లో, పొట్టలో చేరి కొత్త ప్రమాదం తెస్తుంది. పొలంలో మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టిన రైతు వచ్చాడంటే లెక్క మారుతుంది. పైకి అరచేతిలో చిన్న మచ్చే ఉండొచ్చు, లోపల కండ ఉడికిపోయి ఉంటుంది. కరిగిన కండ మూత్రాన్ని టీ డికాక్షన్ రంగుకు తెస్తుంది, కిడ్నీల్లో అడ్డుపడుతుంది. అలాంటివాళ్లకు మూత్రం దాదాపు రెట్టింపు వచ్చేలా చూస్తారు, గుండె మీద కూడా కన్నేసి ఉంచుతారు.

ఆమె కుడిచెయ్యి చుట్టూరా కాలింది. కాలి గట్టిపడిన చర్మం సాగదు, లోపల వాపు పెరుగుతుంది, కొత్త చెప్పు కరిచినట్టు చెయ్యిని చర్మమే బిగిస్తుంది. నర్సు ఆ చేతిని దిండ్ల మీద ఎత్తి పెట్టి, ప్రతి గంటా వేళ్ల కొసలు నొక్కి చూస్తుంది. రంగు తిరిగి వస్తోందా, చల్లబడ్డాయా, మొద్దుబారాయా? తేడా కనిపిస్తే వెంటనే డాక్టరు ఆ చర్మాన్ని నిలువునా కోసి బిగువు వదిలిస్తాడు. ఒక పూట గమనించకపోతే చెయ్యి పోతుంది.

నొప్పి లేదంటే సంతోషించకూడదు

"ఇక్కడ అసలు నొప్పే లేదండీ" అని రోగి చెబితే ఇంట్లోవాళ్ల ముఖాలు విప్పారతాయి. నర్సు ముఖం మాత్రం మారుతుంది. ఎర్రబడి, బొబ్బలెక్కి, గాలి తగిలినా మండే గాయంలో నరాల కొసలు బతికే ఉన్నాయి, కొత్త చర్మం మొలిచే వేళ్లూ ఉన్నాయి. తెల్లగానో, తోలులాగానో మారి స్పర్శ తెలియని చోట చర్మం మందమంతా చచ్చిపోయింది. చిన్నదైతే తప్ప అది తనంతట తాను మానదు, చర్మం తెచ్చి అతికించాల్సిందే.

మిగతా చోట్ల నొప్పి భరించరానిది. రోజంతా ఉండేది ఒకటి, డ్రెస్సింగ్ మార్చేటప్పుడు ఎగసిపడేది ఇంకొకటి. రెండోదానికి మందు ముందే ఇవ్వాలి. అది పట్టేదాకా ఆగి, అప్పుడు కట్టు విప్పాలి. కేకలు మొదలయ్యాక ఇచ్చిన ఇంజెక్షన్ ఆ పూటకు అందదు. మర్నాటి డ్రెస్సింగ్ బండి చప్పుడు వినగానే రోగి వణకడం మొదలవుతుంది. మొదటి రోజుల్లో కండకు ఇంజెక్షన్ చేసినా లాభం లేదు, రక్తప్రసరణ సరిగా లేని కండలో మందు అక్కడే ఉండిపోతుంది, రక్తనాళంలోకే ఇవ్వాలి. కట్టు సెలైన్‌తో బాగా తడిపి విప్పడం, ఏం చేయబోతున్నామో ముందే చెప్పడం, "ఆపండి" అంటే నిజంగా కాసేపు ఆపడం కూడా నొప్పి మందులే. అమెరికాలోని సియాటిల్‌లో డ్రెస్సింగ్ సమయంలో రోగులకు మంచులోకంలో విహరించే వర్చువల్ రియాలిటీ ఆట ఇచ్చి చూశారు, మనసు మళ్లితే నొప్పి తగ్గింది. ఆ కళ్లద్దాలు లేనిచోట పిల్లాడి ఫోనులో కార్టూను పెట్టే నర్సు చేస్తున్నదీ అదే వైద్యం.

పప్పు తింటే చీము పడుతుందా?

రెండు మూడు రోజులు గడిచాక శత్రువు మారుతుంది. కాలిన వెంటనే గాయం మీద క్రిములు చాలా తక్కువ. వెంట్రుకల కుదుళ్లలో దాగి బతికినవి ఒకట్రెండు రోజుల్లో పైకి వస్తాయి. వారం తిరిగేసరికి పేగుల నుంచి, పక్క మంచం నుంచి, మన చేతుల నుంచి మొండి క్రిములు చేరతాయి. కట్టు మీద ఆకుపచ్చ మరక, తియ్యటి వాసన వస్తే సూడోమోనాస్ అనే క్రిమి వచ్చినట్టే. సిల్వర్ సల్ఫాడయజీన్ వంటి పూతమందులు ఉన్నా, అన్నిటికంటే బలమైన ఆయుధం ఒక రోగిని ముట్టుకున్నాక ఇంకొకరిని ముట్టుకునేలోపు కడుక్కున్న చేతులు. పలకరించడానికి పళ్లు పట్టుకుని పదిమంది వస్తే గేటు దగ్గరే ఆపే సిస్టర్ని తిట్టుకుంటాం. చుట్టరికం చెడినా ఆమెకు రోగి గాయం చెడకూడదు.

ఇక్కడ ఇన్‌ఫెక్షన్‌కు జ్వరం నమ్మదగిన గుర్తు కాదు. పెద్ద గాయం ఉన్నవాళ్లకు ఇన్‌ఫెక్షన్ లేకపోయినా ఒళ్లు కాస్త వేడిగానే ఉంటుంది. నిన్న బాగా మాట్లాడిన మనిషి ఈ రోజు తికమకగా మాట్లాడటం, తిన్నది ఇమడకపోవడం, షుగర్ హఠాత్తుగా పెరగడం, మూత్రం తగ్గడం వంటివి ముందు కనిపెట్టేది పక్కనే ఉండే నర్సు.

ఒంటి పొయ్యి కూడా మామూలు కంటే చాలా వేగంగా మండుతుంటుంది. చర్మం పోయినచోట నుంచి నీరు, వేడి నిరంతరం ఆవిరైపోతాయి. విజయవాడలో మే నెల ఎండ మాడుస్తున్నా లోపల ఆమె వణుకుతుంది. వార్డును 28 నుంచి 32 డిగ్రీల మధ్య వెచ్చగా ఉంచాలి. కూలరు తెచ్చిపెట్టడం అభిమానమే గానీ, ఆ చలిని తట్టుకోవడానికి ఆమె శరీరం తన కండనే కరిగించుకుంటుంది.

అందుకే తిండి కూడా మందే. ఒక పాత లెక్క ప్రకారం ఈమెకు రోజుకు 2,700 కెలోరీలు కావాలి. ప్రొటీన్ కిలోకు ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు, అంటే 90 నుంచి 120 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. నోటితో అంత తినలేకపోతే ముక్కులోంచి వేసిన గొట్టం ద్వారా తొలి రోజు నుంచే ఇస్తారు. పొట్ట ఖాళీగా ఉంటే పుండ్లు పడి రక్తం కారే ప్రమాదం ఉంది, ఆ పుండ్లను 1842లో వివరించిన లండన్ సర్జన్ కర్లింగ్ పేరు వాటికి ఉండిపోయింది. సరిగ్గా ఇక్కడే మన ఇళ్లలోని పథ్యం అడ్డొస్తుంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, మాంసం వద్దని చెప్పి చారన్నంతో సరిపెడతారు. గాయం మూసుకోవడానికి కావలసిన ఇటుకలే ఆ పప్పు, గుడ్డు, మాంసం. నర్సు ఇది రోగికి చెప్పి ఊరుకుంటే చాలదు. క్యారియర్ తెచ్చే అత్తగారికి చెప్పి ఒప్పించాలి.

అరటాకు కట్టు

ఇప్పుడు ఆకుల సంగతి. చర్మం లేని గాయాన్ని ఏదో ఒకదానితో కప్పాలి. అంటుకోకూడదు, తడి ఆరిపోకూడదు, క్రిములను రానివ్వకూడదు, ఖరీదు ఉండకూడదు. 1985లో బొంబాయి వైద్యుడు కేస్వాని, ఉడికించిన బంగాళాదుంప తొక్కలను గాయాలకు కట్టి ఫలితాలు ప్రచురించారు. 2003లో ముంబయి వైద్యురాలు మాధురి గోరే అరటాకును ఆసుపత్రిలో క్రిమిరహితం చేసి గాయాల మీద, చర్మం తీసిన చోట్ల కట్టి, మామూలుగా వాడే వాజలీన్ గాజుగుడ్డతో పోల్చి చూశారు. ఆకుకు ఉండే మైనపు నున్నదనం వల్ల అది గాయానికి అతుక్కోదు, విప్పేటప్పుడు నొప్పి తక్కువ. అన్నం వడ్డించినప్పుడు విస్తరికి మెతుకు ఎందుకు అంటుకోదో, గాయమూ అందుకే అంటుకోదు. ఇది విని ఇంట్లో పెరటి ఆకు కోసి కట్టకూడదు, ఆసుపత్రి శుద్ధి లేని ఆకు క్రిములకు పల్లకీ.

లోతుగా కాలిన చోట చచ్చిన చర్మం తనంతట తాను ఊడిపోయేదాకా వారాల తరబడి కాచుకునేవారు ఒకప్పుడు. స్లొవేనియాలోని మారిబోర్ పట్టణంలో జోరా యాంజెకోవిచ్ అనే సర్జన్, తొలి రోజుల్లోనే ఆ పొరను పలచగా చెక్కేసి, రక్తం చిమ్మే బతికున్న పొర కనబడగానే రోగి సొంత చర్మం అతికించడం మొదలుపెట్టింది. 1970లో ఆమె రాసిన పత్రం తర్వాత ప్రపంచం ఆ దారి పట్టింది. అతికించిన చర్మం మొదటి రెండు మూడు రోజులు కింద ఊరే ద్రవం తాగి బతుకుతుంది, తర్వాత రక్తనాళాలు అల్లుకుంటాయి. ఆ ఐదారు రోజులు అది కదలకూడదు. దుప్పటి రాసుకున్నా, కట్టు కింద రక్తం గడ్డ చేరినా నారుమడిలో కాలు పెట్టినట్టే. చర్మం తీసిన తొడ దగ్గర నొప్పి మరీ ఎక్కువ, దాన్ని మర్చిపోకుండా మందు ఇవ్వాలి.

సొంత చర్మం చాలనప్పుడు చనిపోయినవారు ఇచ్చిన చర్మం తాత్కాలిక కప్పుగా ప్రాణం నిలబెడుతుంది. హైదరాబాద్ ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో 2021లో స్కిన్ బ్యాంకు మొదలైంది. మరణించిన ఆరు గంటల లోపు తొడలు, కాళ్లు, వీపు నుంచి కాగితం మందాన పొర తీస్తారు. రక్తం గ్రూపు కలవనక్కర్లేదు. గ్లిసరాల్‌లో చల్లగా ఉంచితే ఏళ్ల పాటు నిలవ ఉంటుంది. నేత్రదానం తెలిసిన మన ఇళ్లకు చర్మదానం ఇంకా చేరాల్సి ఉంది.

దిండు తీసేయండి

మెడ కాలిన మనిషికి తల కింద మెత్తటి దిండు పెడితే హాయిగా ఉంటుంది. ఆ హాయి ఖరీదు మెడ. గాయం మానేటప్పుడు కొత్త కణజాలం అన్ని వైపుల నుంచి లోపలికి గుంజుకుంటుంది. మనిషి నొప్పికి ఓర్చలేక ఎలా ముడుచుకుంటే, చర్మం ఆ ముడతను అలాగే ఖాయం చేస్తుంది. గడ్డం ఛాతీకి, చెయ్యి పక్కటెముకలకు అతుక్కుపోయి, నోరు మూయలేక, చెయ్యి ఎత్తలేక, మళ్లీ మళ్లీ ఆపరేషన్లకు వచ్చేవాళ్లు ఏ బర్న్స్ ఆసుపత్రిలోనైనా కనిపిస్తారు.

కాబట్టి తల కింద దిండు తీసి, భుజాల కింద చుట్టిన దుప్పటి పెట్టి మెడ వెనక్కి వాలేలా పడుకోబెట్టాలి. కుడిచెయ్యిని ఒంటికి దూరంగా, రెక్క చాపినట్టు తొంభై డిగ్రీలకు ఎత్తి ఉంచాలి. మోచెయ్యి చాపి ఉంచాలి. మణికట్టు కాస్త వెనక్కి, వేళ్ల మొదళ్లు వంగి, వేళ్లు తిన్నగా ఉండేలా స్ప్లింట్ కట్టాలి. రోజూ కీళ్లు కదపాలి. రోగికి ఇది చిత్రహింసలా ఉంటుంది. తల్లి నైట్ డ్యూటీ నర్సు అటు తిరగగానే దిండు పెట్టేస్తుంది. ఆమెను కసిరితే లాభం లేదు. పక్కన కూర్చోబెట్టి ఒక్క మాట అడగాలి. "ఏడాది తర్వాత నీ కూతురు తన జడ తాను వేసుకోవాలా, వద్దా?"

గాయం మూసుకున్నాక కూడా మచ్చ ఏడాది, ఏడాదిన్నర పాటు ఎర్రగా, గట్టిగా, దురదగా పెరుగుతుంటుంది. బిగుతైన ప్రెషర్ గార్మెంట్ రోజుకు 23 గంటలు, నెలల తరబడి వేసుకోవాలి. మన ఎండల్లో అది నరకం, చాలామంది మానేస్తారు. రెండు జతలు తీసుకుని ఉతికి మార్చుకోవడం, మచ్చకు రోజూ కొబ్బరినూనెతో మర్దనా, ఎండ తగలకుండా మెత్తని నూలుబట్ట కప్పడం వంటివి నేర్పి పంపితేనే ఇంటి దగ్గర ఆ పని సాగుతుంది.

అద్దం

ఒక పూట ఆమె అద్దం అడుగుతుంది. ఇవ్వనని దాచిపెట్టినా, ఉన్నట్టుండి చేతికిచ్చినా తప్పే. ముందు చెయ్యి చూడనిచ్చి, మచ్చ ఎలా మారుతుందో చెప్పి, ఆమె సిద్ధమన్న రోజు పక్కనే నిలబడాలి.

అద్దం కంటే కష్టమైన మాట ఇంకొకటి ఉంది. "స్టవ్ పేలింది" అని అందరి ముందూ చెప్పిన మనిషి, రాత్రి రెండు గంటలకు చుట్టాలు నిద్రపోయాక, సిస్టర్‌తో వేరే మాట చెప్పవచ్చు. కాలిన కేసులన్నీ ప్రమాదాలు కావు. ఒంటరిగా ఉన్నప్పుడు తొందరపెట్టకుండా అడగడం, విన్నది విన్నట్టు రాసి డాక్టరుకు చెప్పడం, ఏ గుమ్మంలోకి తిరిగి పంపుతున్నామో ఆలోచించడం కూడా ఈ సేవలో భాగమే.

రెండో ప్రపంచ యుద్ధంలో ముఖాలు, చేతులు కాలిన పైలట్లకు ఇంగ్లండ్‌లోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో ఆర్చిబాల్డ్ మెకిండో వైద్యం చేశాడు. సముద్రంలో పడినవాళ్ల గాయాలు మెరుగ్గా ఉన్నాయని గమనించి ఉప్పునీటి స్నానాలు పెట్టాడు. అంతటితో ఊరుకోలేదు. వాళ్లకు ఆసుపత్రి బట్టలు వద్దని సొంత యూనిఫామ్ వేసుకోనిచ్చాడు, ఊళ్లోకి పంపాడు. వాళ్లను తేరిపార చూడకుండా మామూలుగా పలకరించండని ఊరివాళ్లను తయారుచేశాడు. 1941లో ఆ రోగులు పెట్టుకున్న 'గినీ పిగ్ క్లబ్' 600 మందికి పైగా సభ్యులతో దశాబ్దాల పాటు నడిచింది. రోగితో పాటు ఊరికీ చికిత్స చేయాలన్నది మెకిండో నమ్మకం. మన ఊళ్లో పెళ్లికి వెళ్లిన ఆమెను చూసి "అయ్యో, ఎంత చక్కగా ఉండేదానివే" అని నలుగురిలో అనే పెద్దమ్మలకు ఆ చికిత్స ఇంకా అందలేదు.

ఏడాది తర్వాత ఫాలో అప్‌కు వచ్చిన రోజు ఆమె మెడ మీద మచ్చ ఉంటుంది, చేతి మీదా ఉంటుంది. సిస్టర్ వాటిని చూడటానికి ముందు ఆమె తల వెనక వైపు చూస్తుంది. జడ కాస్త వంకరగా, ఒకవైపు వదులుగా ఉంటే, ఎవరు వేశారని అడగనక్కర్లేదు.